పిల్లల మాట ఆలకించుట: ఒక ప్రాణరక్షణ చరిత్ర

పరీక్షా ఫలితములు వెలువడు నెల తెలుగునాట ప్రతి యింటికిని పరిచితమైన నెల. ఆ దినములలో పాసైన పిల్లల పేర్లు ఊరంతయు మారుమ్రోగును. తప్పిన పిల్లల పేర్లను ఎవరును పలుకరు. పల్నాటి సీమలో వినుకొండకు చేరువనున్న నూజెండ్ల వంటి గ్రామమున ప్రత్తియో మిరపయో పండించు రైతు, తాను పడిన కష్టము తన బిడ్డ పడరాదను తలంపుతో, పదవ తరగతి ముగియగనే ఆ బిడ్డను నరసరావుపేటకో, గుంటూరుకో, విజయవాడకో చదువునకు పంపును. ఆ ప్రేమలో దోషము లేదు. కాని ఆ ప్రేమ అప్పుతోను, ఆశతోను, ఇరుగుపొరుగు మాటలతోను ముడివడి పదునారేండ్ల బిడ్డ భుజములపై దిగినప్పుడు, ఆ బరువును బిడ్డ ఎట్లు మోయుచున్నదో కనిపెట్టువారు ఆ దూరపు హాస్టలులో ఉందురా యన్నది పెద్దలందరును వేసికొనవలసిన ప్రశ్న.

2022వ సంవత్సరమున మన దేశమందు ఆత్మహత్య వలన మరణించినవారు 1,70,924 మంది యని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క తేల్చినది. అందు విద్యార్థులు 13,044 మంది. వీరందరును పరీక్ష తప్పిన పిల్లలే యనుకొనుట పొరపాటు. ఇంటిలోని కలహములు, మనోవ్యాధి, అవమానము, తోటివారి వేధింపు, ప్రేమలో నిరాశ, ఇట్టి కారణములు పెక్కు ఒకదానితో నొకటి పెనవేసికొని యుండును. పరీక్షా ఫలితము సాధారణముగా ఆ పెనుమోపుపై పడిన కడపటి గడ్డిపోచ మాత్రమే.

ఈ మరణములను ఆపవచ్చునా? ఆపవచ్చుననియే చరిత్ర చెప్పుచున్నది. ఈ విషయమున మానవ సమాజము మూడు త్రోవలు త్రొక్కినది. కొన్నియెడల అట్టి మరణమును కీర్తించెను; కొన్నియెడల దండించెను; కడపట, చాల ఆలస్యముగా, ఆలకించుట నేర్చుకొన్నది. మొదటి రెండును ప్రాణములు కాపాడలేదు. మూడవది కాపాడుచున్నది. ఆ కథను సంగ్రహముగా పాఠకుల ముందుంచుట మా యుద్దేశము.

కీర్తనతో ఆరంభింతము. పల్నాటికి వీరగాథ ప్రాణము. కార్తీక మాసమున కారెంపూడిలో జరుగు వీరారాధనకు నేటికిని జనులు తండోపతండములుగా పోవుదురు. ఆ గాథలో బాలచంద్రుని వెంట నడచిన సహచరులలో అనపోతు అను బ్రాహ్మణ యువకుడు కలడు. యుద్ధమునకు పోవు దారిలో బాలచంద్రుడు అతనిని రక్షింపనెంచి, ఒక నెపముతో వెనుకకు పంపెను. తన్ను విడిచి మిత్రులందరును సాగిపోయిరని తెలిసిన పిమ్మట అనపోతు జీవింపనొల్లక ప్రాణములు విడిచెను. గాయకుడు ఈ ఘట్టమును పాడునప్పుడు విన్నవారి కన్నులు చెమ్మగిల్లును. అతని స్నేహమును, మానమును అందరును మెచ్చుకొందురు.

ఆ గాథయందు మాకును గౌరవము కలదు. అయినను నేటి తల్లిదండ్రులు దానిని మరియొక చెవితో కూడ వినవలెనని మా మనవి. కవచ ఖడ్గములు తొలగించి చూచినచో అందు కనబడువాడు, తన జట్టునుండి వేరు చేయబడి, కారణము తెలియక, చెప్పుకొనుటకు పక్కన ఒక్కరును లేక ఒంటరిగా నిలిచిన ఒక యువకుడు. ఆ గడియలో ఒక్క పెద్దమనిషి ఆ దారిని వచ్చి, అతని ప్రక్కన కూర్చుండి, "ఏమైంది నాయనా?" అని యడిగియుండినచో గాథ మరియొక విధముగా నడచెడిదేమో. మానము పోయిన ప్రాణమెందుకను మాట వీరుల కాలమున ఎట్లున్నను, మార్కులు పోయిన మానము పోయినట్లేయని నమ్మిన పిల్లవాని చెవిలో అది విషముగా మారును. అట్టి మరణమును ధైర్యమనియో త్యాగమనియో పిల్లల యెదుట పొగడరాదు.

ఇక దండన. 1860లో ఆంగ్ల ప్రభుత్వము రచించిన భారత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను ప్రకారము, ఆత్మహత్యకు ప్రయత్నించి బ్రతికినవారికి ఒక సంవత్సరము వరకు కారాగారమో, జరిమానాయో, రెండునో విధింపవచ్చును. అనగా, దుఃఖమున మునిగి ఎట్లో ఒడ్డున పడినవానిని చట్టము చేయిపట్టి న్యాయస్థానమునకు తీసికొనిపోయెడిది. ఈ చట్టము వలన కలిగిన పెద్ద కీడు శిక్ష కాదు, భయము. కేసు వచ్చునను భయముతో బంధువులు విషయమును దాచిరి. ఆసుపత్రిలో మరియొక కారణము చెప్పిరి. పరువు పోవునని ఊరిలో మాట పొక్కనీయలేదు. ఒకమారు ప్రయత్నించినవారికే మరల అపాయము అధికమని వైద్యశాస్త్రము చెప్పుచుండగా, సరిగా అట్టివారికే చికిత్స అందకుండ పోయెను.

ఆ చట్టమును చేసిన ఆంగ్లేయులు తమ దేశమున 1961లో అట్టి నేరమును రద్దుచేసికొనిరి. మన న్యాయ సంఘము 1971లో 309వ సెక్షనును తొలగింపుమని సిఫారసు చేసెను. అందుకై 1978లో రాజ్యసభ ఆమోదించిన బిల్లు, లోక్‌సభ రద్దగుటతో మురిగిపోయెను. 1985లో ఢిల్లీ హైకోర్టు ఒక యువకుని కేసును విచారించుచు, మనోవైద్యుని కడకు పంపవలసినవానిని నేరస్థుల నడుమకు పంపుట విపరీతమని విమర్శించెను. 1994లో సుప్రీంకోర్టు ఆ సెక్షను రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పెను. 1996లో అంతకు పెద్ద ధర్మాసనము ఆ తీర్పును త్రోసిపుచ్చెను. తుదకు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 115వ సెక్షను ద్వారా మార్గము చూపెను. ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో నున్నట్లు భావింపవలెననియు, వారిని శిక్షింపరాదనియు, వారికి చికిత్సను, పునరావాసమును కల్పించుట ప్రభుత్వ ధర్మమనియు ఆ చట్టము విధించినది. అది 2018లో అమలునకు వచ్చెను. 2024 జులై 1న అమలైన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షను స్థానము పొందలేదు. కావున పిల్లవాడు అట్టి యత్నము చేసినచో కేసు భయముతో దాచవలసిన పనిలేదు. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోయి, ఉన్నదున్నట్లు వైద్యునితో చెప్పవలెను. ఈ ఒక్క విషయము ఊరూర తెలిసినను ఎన్నియో ప్రాణములు నిలుచును.

ఇప్పుడు ఆలకించుట నేర్చిన కథ చెప్పవలెను. 1910 ఏప్రిల్ నెలలో వియన్నా నగరమున ఫ్రాయిడ్ ఆధ్వర్యమున మనోవిశ్లేషకుల గోష్ఠి జరిగెను. విద్యార్థుల ఆత్మహత్యలే దానికి ముఖ్య విషయము. పాఠశాలలే ఇందుకు కారణమని కొందరు, కావని కొందరు వాదించిరి. ఫ్రాయిడ్ చెప్పిన దాని సారమిది: పిల్లలను మరణమునకు నెట్టకుండుట మాత్రమే పాఠశాల ధర్మము కాదు, ఇల్లు విడిచి లోకమున అడుగిడు వయసులో వారికి ఆసరాయై, జీవితముపై ప్రీతి కలిగింపవలెను. లోకముయొక్క కాఠిన్యమును పాఠశాల అనుకరింపరాదు. ఎదుగుటకు బిడ్డకు గల వ్యవధిని హరింపరాదు. నూరేండ్లకు పైబడిన ఈ యభిప్రాయము తెలుగునాటి జూనియర్ కళాశాలల గోడలపై వ్రాసి పెట్టదగినది.

రెండవ ఘట్టము ఇంగ్లాండులోనిది. 1935లో చాద్ వరా అను యువ మతాచార్యుడు తాను జరిపించిన మొదటి అంత్యక్రియలను జీవితాంతము మరువలేకపోయెను. మరణించినది పదునాలుగేండ్ల బాలిక. ఆమె రజస్వల యయ్యెను. అది ఏమో తెలియక, తనకు సిగ్గుచేటైన రోగము సోకినదని తలచి ప్రాణము తీసికొన్నది. అడుగుటకు ఒక మనిషి, చెప్పుటకు ఒక మాట, ఈ రెండును కరవై పోయిన ప్రాణమది. పదునెనిమిదేండ్ల తరువాత, 1953 నవంబరులో, ఆయన లండనులోని తన చర్చిలో ఒక టెలిఫోను పెట్టి, నిరాశలోనున్నవారు ఎవరైనను మాటలాడవచ్చునని ప్రకటించెను. జనులు వరుసలు కట్టిరి. ఆయనను కలియుటకు వేచియున్నవారికి కొందరు స్వచ్ఛంద సేవకులు తేనీరిచ్చి, పక్కన కూర్చుండి, చెప్పినది వినుచుండిరి. కొంతకాలమునకు ఒక వింత కనబడినది: ఆ సేవకులతో మాటలాడినవారిలో పలువురు తమ వంతు రాకమునుపే, మనసు తేలికపడి ఇంటికి పోవుచుండిరి. పాండిత్యము లేనివాడైనను సానుభూతితో వినినచో అది ఔషధమగునని ఆయన గ్రహించి, 1954లో ఆ పనిని సేవకులకే అప్పగించెను. అదియే సమారిటన్స్ సంస్థ.

అదే దశాబ్దమున అమెరికాలో ష్నైడ్మన్, ఫార్బెరో అను మనస్తత్త్వవేత్తలు లాస్ ఏంజిలిస్ నగరములో మరణించినవారి లేఖలను, బంధుమిత్రుల మాటలను సేకరించి పరిశీలించి, 1958లో ఆత్మహత్యా నివారణ కేంద్రమును నెలకొల్పిరి. వారు తేల్చిన ముఖ్య విషయము: చనిపోయినవారిలో అధికసంఖ్యాకులు అంతకుముందే మాటచేతనో చేతచేతనో ఎవరికో ఒకరికి సూచన యిచ్చియున్నారు. "చచ్చెదనని బెదిరించువాడు చావడు" అను లోకోక్తి తప్పని ఇట్లు రుజువైనది. చనిపోవలెనను తలంపు గల మనిషి నిజముగా కోరునది మరణము కాదు, భరింపరాని బాధనుండి విడుదల. బ్రతుకవలెనను కోరికయును అదే మనసులో మరియొక మూల మిణుకుమిణుకుమనుచుండును. సూచన యిచ్చునది ఆ రెండవ కోరికయే.

మన దక్షిణ దేశమునందు ఈ పని 1986లో ఆరంభమైనది. చెన్నపట్టణమున డాక్టరు లక్ష్మీ విజయకుమార్ స్థాపించిన స్నేహ సంస్థ దానికి నాంది. 1997లో హైదరాబాదునందు రోష్నీ అను సహాయ కేంద్రము వెలసినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశములలో జరిపిన ఒక పరిశోధనలో చెన్నపట్టణమును ఒక కేంద్రము. ఆత్మహత్యకు యత్నించి ఆసుపత్రినుండి ఇంటికి పోవువారితో ఒక గంటసేపు మాటలాడి, ఆపై పదునెనిమిది నెలలలో తొమ్మిది పర్యాయములు ఫోను ద్వారానో స్వయముగానో కుశలము విచారించిరి. ఇంతమాత్రమునకే ఆ వర్గములో మరణములు మిక్కిలి తగ్గినవని 2008లో ఫలితములు వెలువడినవి. ఖరీదైన మందు లేదు, యంత్రము లేదు, "ఎలా ఉన్నావు?" అని మరల మరల అడిగిన మనిషి యున్నాడు.

తెలుగునాట సంగతి ప్రత్యేకముగా చూడవలెను. 1971లో ఇంటర్మీడియేటు విద్యామండలి ఏర్పడిన పిమ్మట, ఇంజనీరింగు, వైద్య విద్యల ప్రవేశ పరీక్షలకు పోటీ పెరిగి, ఆ రెండేండ్ల చదువు ఇంటి భాగ్యమును నిర్ణయించు ఘట్టముగా మారినది. తెల్లవారకమునుపు మొదలై రాత్రి ప్రొద్దుపోవువరకు సాగు తరగతులు, వారము వారము పరీక్షలు, మార్కులనుబట్టి గదుల విభజన హాస్టలు కళాశాలలలో అలవాటైనవి. విద్యార్థుల మరణములపై ప్రభుత్వము 2001లో నీరదారెడ్డి సంఘమును, 2017లో చక్రపాణి సంఘమును నియమించుటయే సమస్య ఎంత పాతదో తెలుపుచున్నది.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ రాష్ట్రమున ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడినప్పుడు జరిగినది ఎవరును మరువరానిది. ఫలితముల తయారీలో తప్పులు దొరలినవి. ఆ తరువాతి దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు మరణించిరి. తప్పినవారందరి జవాబు పత్రములను ఉచితముగా పునఃపరిశీలింపుమని ప్రభుత్వము ఆజ్ఞాపింపగా, వెయ్యిమందికి పైగా పిల్లలు ఉత్తీర్ణులని తేలినది. తెలుగు పరీక్షలో సున్న వచ్చినదని ప్రకటింపబడిన ఒక బాలికకు మరల చూడగా 99 మార్కులున్నవి. ఇందలి పాఠము గణకుల పొరపాటుతో ముగియదు. కాగితముపైని అంకె తప్పు కావచ్చును, ఒప్పు కావచ్చును. ఒప్పయినను, అది ఒక మధ్యాహ్నము ఆ పిల్లవాడు వ్రాసిన జవాబుల విలువయే గాని పిల్లవాని విలువ కాదు. ఈ మాట ఫలితములు రాకమునుపే ఇంటిలో వినబడియుండవలెను. తాతల కాలమున "మార్చి పోతే సెప్టెంబరు ఉంది" అను మాట ప్రతి యింటను వినబడెడిది. నేడును అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలున్నవి, మార్కుల పునఃపరిశీలన యున్నది, సార్వత్రిక పాఠశాల యున్నది, ఐ.టి.ఐ. యున్నది. త్రోవలు ఎన్నియో పెరిగినవి. ఆ ఊరడించు మాట మాత్రము తగ్గినది.

విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశ పరీక్షకు చదువుచు 2023లో మరణించిన ఒక బాలిక విషయమై, సుప్రీంకోర్టు 2025 జులై 25న గొప్ప తీర్పు నిచ్చెను. దర్యాప్తును కేంద్ర సంస్థకు అప్పగించుటయే గాక, దేశమంతటికిని వర్తించు పదునైదు మార్గదర్శక సూత్రములను నిర్దేశించెను. నూరుగురు లేక అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హుడైన సలహాదారు ఉండవలెను, మార్కులనుబట్టి పిల్లలను వేరు జట్లుగా విడదీయరాదు, పదిమందిలో అవమానింపరాదు, సిబ్బందికి సంవత్సరమునకు రెండుమార్లు శిక్షణ నీయవలెను, సహాయ కేంద్రముల టెలిఫోను సంఖ్యలు హాస్టళ్ళలో అందరికిని కనబడునట్లు వ్రాసియుంచవలెను. తగిన చట్టము వచ్చువరకు ఇవి పాటింపవలసినవే. బిడ్డను చేర్పించుటకు పోయిన తండ్రి ఫీజు ఎంత, ర్యాంకులు ఎన్ని యని అడుగునట్లే, సలహాదారు ఎవరు, మా బిడ్డతో వారమునకు ఎన్నిమారులు మాటలాడనిత్తురు అని అడుగుటకు హక్కు కలదని దీనివలన తెలియుచున్నది.

ఇక గుర్తుపట్టుట యెట్లు? పెద్దలలో దుఃఖము దుఃఖముగానే కనబడును. కౌమార వయసులో అది తరచుగా కోపముగా, విసుగుగా, మౌనముగా కనబడును. ఆటపాటలు మానుట, స్నేహితులను తప్పించుకొని తిరుగుట, నిద్ర, ఆహారములు ఒక్కసారిగా తగ్గుటయో పెరుగుటయో, కారణము తెలియని తలనొప్పి, కడుపునొప్పి, చదువులో ఆకస్మిక క్షీణత, ఒంటిపై తాను చేసికొన్న గాయములు, మత్తు పదార్థముల అలవాటు, ఇవి మొదటి గుర్తులు. "నేనుండి ఏం లాభం", "నేను లేకపోతే మీకు బరువు తగ్గుతుంది" అను మాటలు అంతకంటె గట్టి గుర్తులు. ఎంతో ఇష్టముగా దాచుకొన్న వస్తువులను తమ్మునికో చెల్లెలికో స్నేహితులకో పంచిపెట్టుట, వీడ్కోలు చెప్పునట్లు మాటలాడుట, చిరకాలపు దుఃఖము తరువాత హఠాత్తుగా ప్రశాంతముగా కనబడుట మిక్కిలి అపాయకరమైన గుర్తులు. మునుపు యత్నించిన బిడ్డ విషయమున, ఇంటిలోనో బడిలోనో ఇట్టి మరణమును ఇటీవల చూచిన బిడ్డ విషయమున రెట్టింపు జాగరూకత వలయును. ఒక్క గుర్తు కనబడినంత మాత్రమున భయపడ నక్కరలేదు. బిడ్డ స్వభావమునందు మార్పు వచ్చి, అది దినములు గడచినను పోనప్పుడు మేలుకొనవలెను.

మేలుకొని ఏమి చేయవలెను? అడుగవలెను. మరణమునుగూర్చి అడిగినచో లేని తలంపు పుట్టించినట్లగునని మనవారిలో గట్టి భయము కలదు. అది నిజము కాదని పరిశోధనలు నిరూపించినవి. సూటిగా అడిగినచో బిడ్డకు ఊరటయే కలుగును. ఒంటరిగా, తొందరలేని సమయమున, తోటగట్టుననో డాబాపైననో కూర్చుండి, "నాయనా, బతకాలని లేదనిపిస్తోందా? చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా? చెప్పు, నేను కోప్పడను" అని అడుగవచ్చును. అడిగిన పిమ్మట పెద్దలకు కష్టమైన పని వినుట. "ఇంతదానికేనా", "నీ వయసులో మేమెన్ని పడ్డాము", "ఊళ్ళో తలెత్తుకోనివ్వవా" అను మాటలు నోటి చివరవరకు వచ్చును, వాటిని మింగవలెను. బిడ్డ అవునన్నచో ఒంటరిగా విడువరాదు. ఎవరికిని చెప్పనని ఒట్టు పెట్టుకొనరాదు. చికిత్సకు కావలసినవారికి చెప్పియే తీరవలెను. ఆ దినముననే వైద్యునికి చూపవలెను. దిగులు వ్యాధికి చికిత్స కలదు. మందులు, మాటల వైద్యము రెండును పనిచేయును. దృష్టి తీయించుట, తాయెత్తు కట్టించుట మనసున కొంత ధైర్యము నిచ్చినను, వాటికై వైద్యమును వాయిదా వేయరాదు.

మన పల్లెల విషయమున మరియొక ముఖ్యమైన పని కలదు. ప్రత్తి, మిరప చేలున్న ఇంట పురుగుమందు తప్పదు. కౌమార వయసున ప్రాణాపాయకరమైన ఆవేశము తరచుగా స్వల్పకాలమే యుండును. ఆ గడియలో అపాయకర వస్తువు చేతికి అందకున్నచో ఆవేశము దాటిపోవును, బిడ్డ బ్రతుకును. ఒక దారి మూసిన మరియొక దారి వెదకుననుట పెక్కుమంది విషయమున నిజము కాదు. శ్రీలంక దేశము 1995, 1998 సంవత్సరములలో అత్యంత విషపూరితములైన పురుగుమందులను నిషేధించెను. 1995 నుండి 2005 నాటికి ఆ దేశమున ఆత్మహత్యల రేటు సుమారు సగమునకు పడిపోయెను. తమిళనాడులో కాట్టుమన్నార్‌కోయిల్ ప్రాంతపు రెండు గ్రామములలో పురుగుమందులను ఇండ్లలో నుంచక, ఊరికొక గదిలో తాళముగల పెట్టెలలో రైతులు భద్రపరచునట్లు చేసి చూడగా, అట్టి ఘటనలు తగ్గినవని 2013లో ప్రకటించిరి. కావలసినంతయే కొనుట, మిగిలినదానిని ఇంట నిలువ ఉంచకుండుట, పెట్టెకు తాళము వేసి చెవిని ఒక్క పెద్దవాని యొద్దనే ఉంచుట, ఇంటిలోని మాత్రలను కూడ అట్లే భద్రపరచుట పల్నాటి ప్రతి రైతు నేడే చేయగల పనులు. ఇందుకు ప్రభుత్వము కొరకు కాచుకొనియుండ నక్కరలేదు.

పాఠశాలలకు కూడ ఒక శుభవార్త కలదు. ఐరోపాలోని పది దేశములలో, 168 పాఠశాలలలో, పదునొకండు వేలమందికి పైగా పిల్లలతో జరిగిన ఒక పరిశోధన ఫలితములు 2015లో వెలువడినవి. ఉపాధ్యాయులకు శిక్షణ, ప్రశ్నపత్రముతో పరీక్షించుట, పిల్లలకే మనసునుగూర్చి తెలిపి చర్చింపజేయుట అను మూడు పద్ధతులను వారు పోల్చి చూచిరి. మూడవ పద్ధతిలో ఆత్మహత్యా యత్నములు ఏడాదిలో సుమారు సగమునకు తగ్గెను. పిల్లవాడు మొదట చెప్పుకొనునది స్నేహితునితోనే. ఆ స్నేహితునికి, "ఈ రహస్యము దాచరాదు, పెద్దలతో చెప్పుట ద్రోహము కాదు" అని ముందే తెలిసియున్నచో ఒక ప్రాణము నిలుచును. బాలచంద్రుని కాలపు స్నేహము తోడుగా మరణించుటను మెచ్చుకొన్నది. మన కాలపు స్నేహము తోడుండి బ్రతికించుటను మెచ్చుకొనవలెను.

వార్తలు ప్రసారము చేయు మాబోటివారికిని ఇందు బాధ్యత కలదు. వియన్నాలో పత్రికలు 1987 నుండి ఇట్టి వార్తలను ఆడంబరముగా ప్రకటించుట మానగా, భూగర్భ రైలుమార్గమున అట్టి ఘటనలు బాగుగా తగ్గినవి. మన ప్రెస్ కౌన్సిలు 2019లో అట్టి నియమములనే స్వీకరించినది. మరణించిన విధమును వర్ణింపకుండుట, ఒక్క కారణమును అంటగట్టకుండుట, ప్రతి వార్త చివరను సహాయము దొరకు చోటు చెప్పుట వాటి సారాంశము. ఇరుగుపొరుగున కూర్చుండి ఇట్టి వార్తలు చెప్పుకొను గృహిణులకును, సెల్ ఫోనులో వాటిని పంపుకొను యువకులకును ఈ నియమము వర్తించును. ఇంటిలోని మరియొక బిడ్డ ఆ మాటలు వినుచుండును.

సహాయము దొరకు చోటులు ఇవి. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ఆరంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు పగలైనను రాత్రియైనను ఫోను చేయవచ్చును, రుసుము లేదు, తెలుగులో మాటలాడవచ్చును. పిల్లల సహాయమునకు 1098, తక్షణ ప్రమాదమున 112. బిడ్డ మాత్రమే కాదు, బిడ్డనుగూర్చి దిగులుపడు తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును ఈ సంఖ్యలకు ఫోను చేయవచ్చును.

కీర్తించుట సులభము, దండించుట సులభము. రెండింటికిని నోరు చాలును. ఆలకించుటకు చెవియు, వ్యవధియు, ఓర్పును వలయును. రేడియో గల ఇంటివారికి వినుట కొత్త విద్య కాదు. ఎంత దూరముననున్న గొంతునైనను, గరగర శబ్దముల నడుమనుండి ఏరి పట్టుకొనుటకు మీటను మెల్లమెల్లగా త్రిప్పుచు ఓపికతో కూర్చున్న చేతులవి. అదే ఓపికను ప్రక్క గదిలో తలుపు మూసికొని కూర్చున్న బిడ్డ విషయమున చూపుడని మా ప్రార్థన. పై మూడు సంఖ్యలను ఒక కాగితముపై వ్రాసి, పిల్లల కంట పడుచోట నేడే గోడకు అంటింపుడు.